స్పాన్సర్‌షిప్ ఖర్చు నా జీతంలోంచి మినహాయిస్తామంటున్నారు, ఒప్పుకోవచ్చా?

బ్రిటన్‌లో ఒక చిన్న సంస్థ మీకు ఉద్యోగం ఇస్తానందనీ, స్కిల్డ్ వర్కర్ వీసా (నిపుణులైన విదేశీ ఉద్యోగులకిచ్చే వీసా) స్పాన్సర్‌షిప్‌కు అయ్యే ఆరు వేల పౌండ్లను మూడేళ్లపాటు జీతంలోంచి మినహాయిస్తామంటోందనీ రాశారు. ఆ నియామక పత్రం ఇప్పుడున్నట్టే ఉంటే సంతకం పెట్టకండి. అలాగని ఉద్యోగమే వదులుకోనక్కర్లేదు. 2023 మొదట్లో నాకూ అచ్చం ఇలాంటి కాగితమే వచ్చింది.

అప్పుడు నేను మాంచెస్టర్‌లో చదువు ముగించి గ్రాడ్యుయేట్ వీసా (చదువయ్యాక కొన్నాళ్లు పనిచేసుకోనిచ్చే వీసా) మీద ఉన్నాను. దాని గడువు తీరడానికి ఇంకా ఆరు నెలలే. పదిహేనుమంది పనిచేసే ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ తీసుకుంటానంది. నియామక పత్రం నాలుగో పేజీలో ఒక వాక్యం: నియామక ఖర్చుల కింద 4,800 పౌండ్లు, రెండేళ్లలో వసూలు. అంటే నెలకు 200. ఉద్యోగం దొరికిన సంతోషంలో ఉన్న మనిషికి 200 కంటికి ఆనదు. సంతకం పెట్టేసేదాకా వచ్చాను. కానీ ఖర్చు అంటే 4,763 అనో 4,812 అనో ఉండాలి గానీ, ఇలా సున్నాలతో తీరుగా ఎలా ముగిసిందా అని అనుమానం వచ్చింది.

"ఈ మొత్తంలో దేనికెంతో విడివిడిగా పంపగలరా" అని ఒక్క వాక్యం రాసి మెయిల్ పంపాను. చట్టం ఊసెత్తలేదు. జవాబుగా పట్టిక వచ్చింది. సీఓఎస్, అంటే ఫలానా మనిషికి ఉద్యోగం ఇస్తున్నామని సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్‌కు 199. ఇమ్మిగ్రేషన్ స్కిల్స్ చార్జ్ మూడేళ్లకు 1,092. స్పాన్సర్ లైసెన్సుకు, అంటే విదేశీయులను ఉద్యోగంలోకి తీసుకోవడానికి సంస్థకిచ్చే అనుమతికి 536. లాయరుకు 1,800. "ఇతరాలు" 1,173. ఆ ఇతరాలు ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. లైసెన్సు సంగతి ఇంకా బాగుంది. అది నేను రాకముందు నుంచే వాళ్ల దగ్గర ఉంది. నాకంటే ముందు చేరిన ఇద్దరి దగ్గరా ఆ 536 వేరువేరుగా వసూలు చేశారని చేరాక తెలిసింది!

స్కిల్స్ చార్జ్ యజమాని ప్రభుత్వానికి కట్టాల్సిన రుసుము. దాన్ని ఉద్యోగి మీదికి నెట్టడానికి అప్పుడూ వీల్లేదు, ఇప్పుడూ వీల్లేదు. స్పాన్సర్ల కోసం హోమ్ ఆఫీస్ (వీసాల వ్యవహారం చూసే బ్రిటన్ ప్రభుత్వ శాఖ) ప్రచురించే మార్గదర్శకాల్లో ఆ పేరా వెతికి పట్టుకుని, "మీ లాయరు ఒకసారి చూస్తారా" అని రెండో మెయిల్ పంపాను. పదకొండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. నోరు మూసుకుని నెలకు 200 కట్టుకుంటే పోయేది కదా అని నన్ను నేనే తిట్టుకున్నాను. పన్నెండో రోజున మేనేజరు ఫోన్ చేసి, ఆ వాక్యాన్ని ఎవరో పాత పత్రంలోంచి తెచ్చి అతికించారనీ, తాను చదవనే లేదనీ చెప్పారు. నమ్మాను. చిన్న సంస్థల్లో దుర్బుద్ధి కంటే తెలియనితనమే ఎక్కువని నా అనుభవం. నిలదీసినట్టు రాసి ఉంటే ఆ ఫోన్ వచ్చేది కాదేమో. చివరికి నా వీసా ఫీజు, హెల్త్ సర్‌చార్జ్ (ప్రభుత్వ వైద్య సేవల కోసం వీసాతో పాటు కట్టే రుసుము) నేను కట్టుకున్నాను, మిగతాదంతా వాళ్లు వదిలేశారు.

ఇప్పుడు నియమాలు ఇంకా బిగిశాయి. 2024 డిసెంబరు 31 నుంచి ఇచ్చిన సీఓఎస్‌లకు సంబంధించి ఆ ఫీజునూ, లైసెన్సు ఫీజునూ, లైసెన్సు కోసం లాయరుకు పెట్టిన ఖర్చునూ ఉద్యోగి దగ్గర రాబట్టకూడదు. సీఓఎస్ ఇప్పుడు 525 పౌండ్లు. స్కిల్స్ చార్జ్ 2025 డిసెంబరు నుంచి చిన్న సంస్థకు ఏడాదికి 480, పెద్ద సంస్థకు 1,320. మీ సంస్థ చిన్నదే కాబట్టి మూడేళ్లకు రెండూ కలిపి 1,965 పౌండ్లు. మీ ఆరు వేలలోంచి ఇంత మొత్తం ముందే కొట్టేయండి.

మీ వంతు వచ్చేవి వీసా దరఖాస్తు ఫీజు, ఏడాదికి 1,035 చొప్పున హెల్త్ సర్‌చార్జ్. సర్‌చార్జే మూడేళ్లకు 3,105 అవుతుంది. వాళ్లు చెప్పిన ఆరు వేలలో ఇది కూడా కలిసి ఉంటే అంతవరకు అన్యాయం లేదు, మీకు వడ్డీ లేని అప్పు ఇస్తున్నట్టే. ముందే మానేస్తే తిరిగి కట్టాలన్న షరతు పెట్టినా, నెలలు గడిచేకొద్దీ ఆ మొత్తం తగ్గేలా రాయించుకోండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. వీసాకు జీతం లెక్కించేటప్పుడు, ఇమ్మిగ్రేషన్ ఖర్చుల కింద మీరు యజమానికి ఇచ్చుకునే డబ్బును తీసేసి మిగిలినదే చూస్తారు. 2025 జులై 22 నుంచి సాధారణ కనీస జీతం ఏడాదికి 41,700 పౌండ్లు, లేదా మీ వృత్తికి ప్రభుత్వం నిర్ణయించిన రేటు, రెండింటిలో ఏది ఎక్కువైతే అది. (26 ఏళ్ల లోపువారికీ, ఇంకొందరికీ ఈ కనీస జీతం తక్కువే.) మీ జీతం 42,000 అనుకుందాం. ఏడాదికి రెండు వేలు పోతే మిగిలేది 40,000. అప్పుడు వీసాయే రాదు.

"కడితే ఏం పోయింది, నాకు ఉద్యోగం ముఖ్యం" అని మీకు అనిపించవచ్చు. ఈ వసూళ్లు బయటపడి సంస్థ లైసెన్సు రద్దయితే మీ వీసానూ కుదిస్తారు. కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవడానికో, దేశం వదిలి వెళ్లడానికో సాధారణంగా 60 రోజులు ఇస్తారు. డబ్బు కట్టి మరీ ఆ చిక్కు కొనితెచ్చుకోవడం ఎందుకు?

ప్రభుత్వ వెబ్‌సైట్లో లైసెన్సు ఉన్న స్పాన్సర్ల జాబితా ఉంటుంది. సంస్థ పేరు, ఊరు సరిపోయాయో లేదో, పక్కన స్కిల్డ్ వర్కర్ అని ఉందో లేదో, రేటింగ్ 'ఏ' (A) అని ఉందో లేదో చూసుకోండి. 'బీ' (B) రేటింగ్ ఉన్నవాళ్లు కొత్తవారికి సీఓఎస్ ఇవ్వలేరు.

మీరిప్పుడు ఏ వీసా మీద ఉన్నారో రాయలేదు. స్టూడెంట్ వీసా నుంచి నేరుగా, బ్రిటన్‌లోనే ఉండి స్కిల్డ్ వర్కర్ వీసాకు మారుతుంటే మీ సంస్థ స్కిల్స్ చార్జ్ అసలు కట్టనక్కర్లేదు. మీరూ నాలాగే దేనికెంతో విడివిడిగా లెక్క అడగండి, అది చేతికొచ్చాక ముందు స్కిల్స్ చార్జ్ వరుసే చూడండి. వాళ్లు కట్టనక్కర్లేని రుసుమును మీ దగ్గర వసూలు చేయబోతుండవచ్చు.