మంచు మోహిని ఫ్రాస్‌లాస్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: పోకెమాన్ వీడియో గేమ్‌లో నేను పెంచుతున్న ఆడ స్నోరంట్ (ఒక మంచు పోకెమాన్) 42వ లెవెల్‌కి రాగానే ఎవాల్వ్ అయి (రూపం మారి) గ్లేలీ అయిపోయింది. నాకు కావలసింది స్నోరంట్ మారగల ఇంకో రూపం, ఫ్రాస్‌లాస్. వెనక్కి మార్చుకునే దారి ఉందా?

జవాబు: లేదండీ, గ్లేలీ అయ్యాక అది గ్లేలీయే. ఫ్రాస్‌లాస్ కావాలంటే ఆడ స్నోరంట్ మీద డాన్ స్టోన్ అనే రాయి వాడాలి. దానికి లెవెల్‌తో పనిలేదు, రాయి చేతికొచ్చిన రోజే వాడేయొచ్చు. రాయి దొరికేలోపు 42 దాటుతుందనుకుంటే ఎవాల్వ్ కాకుండా ఆపే ఎవర్‌స్టోన్ పట్టించండి. లేదా ఎవాల్వ్ అవుతున్నప్పుడు బీ బటన్ నొక్కి ఆపండి, కానీ ప్రతి లెవెల్‌కీ మళ్లీ నొక్కాల్సి వస్తుంది. మగ స్నోరంట్ మీద డాన్ స్టోన్ పనిచేయదు. పేరు పక్కన ఉండే ఆడ, మగ గుర్తు చూసి పెంచడం మొదలుపెట్టండి.

మీ గ్లేలీ మాత్రం వృథా కాదు. దాదాపు ఏ పోకెమాన్‌తోనైనా జతకట్టే డిట్టోతో జత చేస్తే గుడ్డులోంచి స్నోరంటే వస్తుంది. ఆడది పుట్టే అవకాశం సగానికి సగం.

ప్రశ్న: ఫ్రాస్‌లాస్ జపాన్ దయ్యం కథలోంచి వచ్చిందంటారు. పోలిక ఒక్క వేషంలోనేనా, ఇంకేమైనా ఉందా?

జవాబు: వేషం పైపై పోలిక మాత్రమే. దీని మూలం యుకి-ఒన్నా, అంటే మంచు కురిసే రాత్రుల్లో తెల్లగా ప్రత్యక్షమయ్యే స్త్రీ. తొరియామా సెకియెన్ 1776లో అచ్చువేసిన దయ్యాల బొమ్మల్లో ఈమె ఉంది. బయటి ప్రపంచానికి బాగా తెలిసింది మాత్రం లాఫ్కాడియో హెర్న్ 1904లో ఇంగ్లీషులో ప్రచురించిన కథ. మోసాకు, మినోకిచి అనే ఇద్దరు కట్టెలు కొట్టేవాళ్లు మంచుతుఫానులో పడవవాడి గుడిసెలో తలదాచుకుంటారు. ఆమె వచ్చి ముసలి మోసాకు ముఖం మీద ఊపిరి ఊదుతుంది, అతను చనిపోతాడు. కుర్రవాడిని చూసి జాలిపడి, ఈ సంగతి ఎవరికైనా చెబితే చంపేస్తానని హెచ్చరించి వదిలేస్తుంది.

ఇప్పుడు ఆటలోని పోకెడెక్స్ (పోకెమాన్ల వివరాల పుస్తకం) తెరవండి. పెర్ల్ వెర్షన్‌లో ఫ్రాస్‌లాస్ మైనస్ 50 డిగ్రీల సెల్సియస్ ఊపిరితో వేటను గడ్డకట్టిస్తుందనీ, ఆ తర్వాత దాన్ని రహస్యంగా అలంకరించి పెట్టుకుంటుందనీ ఉంటుంది. ప్లాటినమ్‌లోనైతే, మంచుకొండ మీద దారితప్పిన స్త్రీ ఇలా మళ్లీ పుట్టిందన్న గాథే రాశారు. డైమండ్‌లో ఉన్న మాట మాకు అన్నిటికన్నా నచ్చుతుంది: దాని శరీరంలా కనిపించేది నిజానికి బోలు. పొడుగు చేతుల కిమోనో, నడుముకు ఎర్రటి పట్టీ అన్నీ ఉన్నాయి, లోపల మనిషే లేదు. ఐస్, గోస్ట్ టైపులు రెండూ కలపడానికి ఇంతకన్నా మంచి కారణం అక్కర్లేదు.

ప్రశ్న: పోరాటంలో స్పైక్స్ (అవతలివాళ్ల వైపు పరిచే ముళ్లు, కొత్తగా దిగే పోకెమాన్‌కు గుచ్చుకుంటాయి) వేయడానికి ఫ్రాస్‌లాస్‌ను పెట్టుకున్నాను. ఒక్క దెబ్బకే పడిపోతోంది. ఎక్కడ పొరపాటు జరుగుతోంది?

జవాబు: దాన్ని మధ్యలో దించుతున్నారేమో చూసుకోండి. హెచ్‌పీ (ప్రాణబలం), డిఫెన్స్, స్పెషల్ డిఫెన్స్ మూడూ 70 చొప్పునే. ఫైర్, రాక్, స్టీల్, గోస్ట్, డార్క్ దెబ్బలు రెట్టింపు తగులుతాయి. దీని బలమంతా 110 స్పీడ్‌లోనే ఉంది. అందుకే మొట్టమొదట దించాలి, చేతికి ఫోకస్ సాష్ ఇవ్వాలి. నిండు హెచ్‌పీ ఉన్నప్పుడు ప్రాణం తీసే దెబ్బ తగిలినా సాష్ ఒక్క పాయింటుతో నిలబెడుతుంది. అదే ఆలస్యంగా దించితే, అప్పటికే అవతలివాళ్లు స్టెల్త్ రాక్ (దిగగానే తగిలే రాళ్లు) వేసి ఉంటే, అడుగుపెట్టగానే నాలుగోవంతు హెచ్‌పీ పోతుంది, సాష్ ఉన్నా లేనట్టే. వరసగా రెండు మూడు సార్లు తగిలే దాడుల ముందూ సాష్ నిలవదు.

స్పీడ్ పెంచే టిమిడ్ నేచర్, స్పీడ్‌లో 252 ఈవీలు (శిక్షణతో వచ్చే పాయింట్లు), 31 ఐవీ (పుట్టుకతో వచ్చే పాయింట్లు) ఉంటే 50వ లెవెల్‌లో స్పీడ్ 178 వస్తుంది. దీనికి ఒక్క పాయింటు తగ్గినా ఇంకో ఫ్రాస్‌లాస్, దీనంతే స్పీడున్న జెంగార్ మీకన్నా ముందు కదులుతాయి. మూవ్స్: స్పైక్స్, టాంట్ (ఎదుటి పోకెమాన్‌ను దాడులు తప్ప వేరే మూవ్ వాడనివ్వదు), డెస్టినీ బాండ్ (దీని గురించి కింద చెబుతాం), షాడో బాల్ (ఒక దాడి). ఎదుటివాళ్లు స్టెల్త్ రాక్ వేసే పోకెమాన్‌తో మొదలుపెడితే ముందు టాంట్ వేయండి, లేకపోతే నేరుగా స్పైక్స్. స్పైక్స్ ఒక పొరకు ఎనిమిదోవంతు, రెండు పొరలకు ఆరోవంతు, మూడు పొరలకు నాలుగోవంతు హెచ్‌పీ పోతుంది. ఫ్లయింగ్ టైపుకు, హెవీ డ్యూటీ బూట్స్ ఉన్నవాటికి ఏమీ కాదు. మ్యాజిక్ బౌన్స్ ఉన్న హాటెరీన్ కనిపిస్తే స్పైక్స్, టాంట్ రెండూ మీ మీదికే తిరిగొస్తాయి కాబట్టి షాడో బాల్ కొట్టండి.

చాలామంది వదిలేసుకునే లాభం ఇంకోటుంది. ఇది గోస్ట్ కాబట్టి నార్మల్ టైపు దాడులు దీనికి తగలవు: ఫేక్ అవుట్ తగలదు, ఎక్స్‌ట్రీమ్ స్పీడ్ తగలదు. స్పైక్స్ ఊడ్చే రాపిడ్ స్పిన్ కూడా దీని ముందు పనిచేయదు. డీఫాగ్ అనే మూవ్ మాత్రం ఊడ్చేస్తుంది.

సాష్ పోయి ఒక్క పాయింటు మిగిలినప్పుడు డెస్టినీ బాండ్. మీ తర్వాతి వంతు వచ్చేలోగా ఎవరి దాడికి ఇది పడిపోతుందో వాళ్లూ పడిపోతారు. విషానికో ఇసుకతుఫానుకో పడిపోతే మాత్రం లెక్కలోకి రాదు. 2016లో వచ్చిన సన్, మూన్ నుంచి దీన్ని వెంటవెంటనే వాడలేం: ఒకసారి ఫలించాక మరుసటి వంతులో విఫలమవుతుంది. తెలిసిన ఆటగాడు మొదటిసారి కొట్టకుండా ఊరుకుని రెండోసారి కొడతాడు. అందుకని రెండో వంతులో ఇంకో పొర స్పైక్స్ వేసేయండి. ఊరుకున్నందుకు అతను ఆ మూల్యం చెల్లించాల్సిందే.

ప్రశ్న: ఫ్రాస్‌లాస్ ఎబిలిటీల్లో (ప్రత్యేక గుణాల్లో) స్నో క్లోక్ మంచిదా, కర్స్డ్ బాడీ మంచిదా?

జవాబు: కర్స్డ్ బాడీయే. తగిలిన దాడిని 30 శాతం అవకాశంతో కొన్ని వంతులపాటు కట్టేస్తుంది. దెబ్బలు తప్పించుకునే అవకాశం పెంచే స్నో క్లోక్ పనిచేయాలంటే మంచు కురుస్తూ ఉండాలి. కర్స్డ్ బాడీ హిడెన్ ఎబిలిటీ (మామూలుగా రాని గుణం) కాబట్టి, దాన్ని తెప్పించే ఎబిలిటీ ప్యాచ్ వాడాల్సి రావొచ్చు.

ప్రశ్న: మొబైల్ ఆట పోకెమాన్ గోలో ఫ్రాస్‌లాస్‌గా ఎవాల్వ్ చేయడానికి ఏం కావాలి?

జవాబు: ఆడ స్నోరంట్, 100 క్యాండీలు, ఒక సిన్నో స్టోన్. 50 క్యాండీల బటన్ నొక్కితే గ్లేలీ వస్తుంది, తొందరలో దాన్ని నొక్కేయకండి. పోటీల్లో ఒకటైన గ్రేట్ లీగ్ కోసమైతే అటాక్ తక్కువగా, డిఫెన్స్, హెచ్‌పీ ఎక్కువగా ఉన్నదాన్ని ఎంచుకోండి. ఎవాల్వ్ అయ్యాక సీపీ (పోరాట బలం) 1500 దాటితే ఆ లీగ్‌కు పనికిరాదు. కాబట్టి పవర్ అప్‌లన్నీ ఎవాల్వ్ చేసిన తర్వాతే పెట్టుకోండి.