ట్యూబును వేడి మీద పెట్టే ముందు

చిరంజీవి అమ్మాయికి, పెద్దనాన్న ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. రెండు వారాలు కష్టపడి రక్తం నుంచి తీసిన డీఎన్‌ఏ, పొడవును బట్టి ముక్కల్ని విడదీసి చూపే జెల్ మీద గీతలా నిలవకుండా పొగలా కిందికి సాగిపోయిందన్నావు, అంటే ముక్కలైపోయిందన్నమాట. ట్యూబు అడుగున పేరుకున్న డీఎన్‌ఏ ముద్ద, అదే పెల్లెట్, కరగట్లేదని మామూలు నీళ్ళు పోసి, 95 డిగ్రీల హీట్ బ్లాక్ మీద పెట్టి భోజనానికి వెళ్ళానన్నావు చూడు, అక్కడే దెబ్బతిందనుకుంటున్నాను. చేరిన కొత్తలో నేనూ సరిగ్గా ఇదే చేశాను.

డీఎన్‌ఏకు నకళ్ళు తీసే పీసీఆర్‌లో రోజూ 95 డిగ్రీలు పెడుతున్నాం కదా అని నీ అనుమానం. అక్కడ వేడి తగిలేది కొద్దిసేపే. డీఎన్‌ఏ రెండు పోగుల మీదా ఉండే ఎ, టి, జి, సి అనే బేసుల్లో ఎ-టి జతను పట్టుకున్న రెండు హైడ్రోజన్ బంధాలు, జి-సి జతను పట్టుకున్న మూడూ వదులై రెండు పోగులూ విడిపోతాయి. పోగు మాత్రం తెగదు. చిన్న ముక్కలైతే చల్లారాక మళ్ళీ జత కడతాయి.

గంటసేపు ఉడికితే కథ వేరు. ఎ, జి బేసులు పోగు వెన్నెముకలోని చక్కెర నుంచి ఊడిపోతాయి. ఊడిన చోట పోగు బలం తగ్గి పుటుక్కున తెగుతుంది. అలా తెగింది చల్లార్చినా అతకదు. ఒంట్లో 37 డిగ్రీల దగ్గర కూడా ప్రతి కణంలో రోజుకు వేల బేసులు ఊడుతూనే ఉంటాయి. ఆ వేగాన్ని 1972లోనే కొలిచిన శాస్త్రవేత్త తోమాస్ లిండాల్. 2015లో ఆయనకు నోబెల్ వచ్చింది ఈ దెబ్బల్ని కణం ఎలా బాగుచేసుకుంటుందో చూపినందుకే. నీ ట్యూబులో ఆ రిపేరు చేసే ఎంజైములు లేవమ్మా.

పైగా గాలి తగిలిన నీళ్ళు కాస్త ఆమ్లంగా మారతాయి, ఆమ్లంలో బేసులు ఇంకా త్వరగా ఊడతాయి. అందుకే ఆమ్లంగా మారనివ్వకుండా పీహెచ్‌ను 8 దగ్గర నిలిపే టీఈ బఫర్ ద్రావణం వాడు. ఇథనాల్‌తో కడిగాక పెల్లెట్‌ను మరీ ఎండనివ్వకు, ఎండితేనే అది మొండికేస్తుంది. బఫర్ పోసి రాత్రంతా ఫ్రిజ్‌లో వదిలెయ్. తొందరగా కావాలంటే 55 డిగ్రీల దగ్గర ఒక గంట, మధ్యలో వేలితో మెల్లగా తట్టు. ట్యూబును గిరగిరా కుదిపే వోర్టెక్స్ యంత్రం వద్దు.

ఇంకొకటి. డీఎన్‌ఏ ఎంతుందో చెప్పే 260 నానోమీటర్ల కాంతి దగ్గర రీడింగ్ బాగుందని మురిసిపోకు. ముక్కలైన డీఎన్‌ఏ కూడా ఆ కాంతిని పీల్చుకుంటుంది. కొంచెమైనా జెల్ మీద నడిపి చూశాకే ముందుకు వెళ్ళు.

సగం రక్తం ఇంకా ఫ్రిజ్‌లోనే ఉందన్నావు కదా. టెన్షన్ పడకుండా సోమవారం దానితో మొదలుపెట్టు. జెల్ ఫోటో నాకు పంపు.

పెద్దనాన్న