మహేంద్రగిరి బండల్లో తెల్లతోక ఎలుక

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మహేంద్రగిరి వెళ్లినప్పుడు చీకటి పడే వేళ బండల సందులో ఒక ఎలుక కనిపించింది సార్. పొడుగాటి తోక, చివరి సగం తెల్లగా ఉంది. మా అబ్బాయి నెట్‌లో వెతికి తెల్లతోక కొండ వోల్ అంటున్నాడు. నిజమేనా? అసలు వోల్ ఎలుక కాదా?

జవాబు: కాదండీ, మీరు చూసింది వోల్ అయ్యే అవకాశం లేదు. మన దేశంలో వోల్స్ హిమాలయాల్లో, ఈశాన్య కొండల్లో తప్ప ఉండవు. 1,501 మీటర్ల మహేంద్రగిరి మనకు పెద్ద కొండే గానీ వాటికి చాలదు. మీవాడు చెప్పిన వోల్‌ని 1894లో ఎక్కడో కాశ్మీర్‌కి పైనున్న బల్తిస్తాన్‌లో దొరికితే వర్ణించారు. పైగా కొండ వోల్ తోక పొట్టి. పొడుగు తోక, సగం తెలుపు అంటున్నారు కాబట్టి అది బ్లాన్‌ఫర్డ్ ఎలుక అనుకుంటాను, శాస్త్రీయ నామం మాడ్రోమిస్ బ్లాన్‌ఫర్డి. 1881లో దాన్ని మొదట వర్ణించింది మన కడప నుంచి వెళ్లిన నమూనాతోనే! తమాషా ఏంటంటే, అదే ఏడాది కొండ వోల్స్‌కి ఆల్టికోలా అని ప్రజాతి పేరు పెట్టింది, ఈ ఎలుక ఎవరి పేరుతో ఉందో ఆ శాస్త్రవేత్త బ్లాన్‌ఫర్డే.

ఇక రెండో ప్రశ్న. వోల్ చూడ్డానికి ఎలుకలాగే ఉంటుంది గానీ కుటుంబం వేరు, ఇంట్లో పెంచుకునే హ్యామ్‌స్టర్‌కి దగ్గర చుట్టం. తేడా పళ్లలో తెలుస్తుంది. మన ఎలుకల దవడపళ్ల మీద బుడిపెలుంటాయి, వోల్ పళ్లు మాత్రం పైన చదునుగా, త్రికోణాలు వరసగా అతికించినట్టు ఉంటాయి, గడ్డి నమలడానికి అనువుగా. కొండ వోల్స్‌కి ఆ పళ్లకు వేర్లుండవు, అరిగినకొద్దీ పెరుగుతూనే ఉంటాయి. ఈ వేర్లు చూసే వీటిని అడవుల్లో ఉండే ఎర్రవీపు వోల్స్ నుంచి వేరు చేసేవారు. తర్వాత డీఎన్‌ఏ చూస్తే లెక్క తప్పింది, సైబీరియా వైపుండే పెద్దచెవుల రకం తోటి కొండ వోల్స్ కన్నా ఆ ఎర్రవీపు వాటికే దగ్గరని తేలింది, అందుకే ఈ గుంపును ఎక్కడ చేర్చాలన్నది ఇంకా తెమల్లేదు. మీవాడికి ఇంతగా ఆసక్తి ఉంటే ఈసారి తోక రంగు చూసి ఊరుకోవద్దని, ఒంటితో పోల్చి ఎంత పొడుగుందో కూడా చూడమనండి, దూరం నుంచే.