పండగ క్విజ్ పెట్టబోతున్న అమ్మడికి

అమ్మడూ,

ఈ సంక్రాంతికి రామాలయం దగ్గర మన గుంటలకి క్విజ్ పెడుతున్నావటగా. క్రిస్మస్ నుంచి కనుమ దాకా పండగలు, పాటలు, సినిమాల మీదే ప్రశ్నలని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా గర్వంగా ఉంది. దాంతోపాటు ఒక భయమూ పట్టుకుంది. మైకు మొరాయించినా, జనం పలచగా వచ్చినా సర్దుకోవచ్చు. సరైన జవాబు చెప్పిన గుంటకి ఊరందరి ముందూ "తప్పు" అని చెప్పేస్తే మాత్రం సర్దుకోలేం. పెద్దాళ్లయితే వాదిస్తారు. పదేళ్ల పిల్ల తల దించుకుని కూర్చుంటుంది, ఇంకెప్పుడూ చెయ్యెత్తదు.

ముందు చిన్న పనులు. జట్టుకి ముగ్గురు చొప్పున 6 జట్లు, 5 రౌండ్లు, మొత్తం 30 ప్రశ్నలు. ఇంకో 12 చేతిలో ఉంచుకో. సొంత ప్రశ్నకి 10 మార్కులు, 20 సెకన్లు. పాసైన దానికి 5 మార్కులు, 10 సెకన్లు. తప్పు చెప్తే మార్కులు కొయ్యకు, పిల్లలు నోరు విప్పరు. ఎప్పుడూ ఒకవైపే పాస్ చేస్తూ పోతే, చదువురాని జట్టు పక్కన కూర్చున్నవాళ్లకి ఊరికే మార్కులు పోగవుతాయి. 1, 3, 5 రౌండ్లు ఎడమ నుంచి, 2, 4 కుడి నుంచి నడుపు. మూడున్నరకల్లా మొదలెట్టు. జనవరిలో మనవైపు అయిదున్నర దాటితే చీకటి, ఆపైన మంచు. పాటల ముక్కలు ఫోన్లోనే దాచుకో, నెట్ నమ్ముకోకు. పల్లవి మాటలు రాకముందే ఆపెయ్, 8 సెకన్ల సంగీతం చాలు.

ఇక అసలు సంగతి, జవాబుల కాగితం. వాట్సాప్‌లో తిరిగే "మీకు తెలుసా?" బొమ్మల్లోంచి ప్రశ్నలు ఎత్తుకొచ్చావంటే ఊరుకోను. వాటిలో ఎక్కువగా తిరిగేది, క్రిస్మస్ తాతకి ఎర్ర బట్టలు తొడిగింది కోకాకోలా అన్న మాట. అది తప్పు. థామస్ నాస్ట్ 1863 నుంచే హార్పర్స్ వీక్లీ పత్రికలో ఆ తాతని గీశాడు. ఎర్ర కోటు తాత కూడా కోకాకోలా ప్రకటనల కంటే ముందే ఉన్నాడు. ఆ కంపెనీకి హాడన్ సండ్‌బ్లోమ్ బొమ్మలు గీయడం 1931లో మొదలైంది, ఆ రూపం లోకమంతా పాకడానికి అవి బాగా తోడ్పడ్డాయి. కాబట్టి "ఎర్ర బట్టలు ఎవరు తొడిగారు?" అని అడక్కు. "1931 నుంచి కోకాకోలాకి క్రిస్మస్ తాతని గీసిన చిత్రకారుడెవరు?" అని అడుగు. రెండో ప్రశ్నకి ఒక్కటే జవాబు. ప్రశ్న ఎంత ఇరుగ్గా ఉంటే పిల్లకి అంత న్యాయం.

జింగిల్ బెల్స్ కూడా అంతే. 1857లో జేమ్స్ పియర్‌పాంట్ పేరుతో అచ్చయిన పాట అది. అందులో క్రిస్మస్ అన్న మాటే లేదు. ఏ పండగ కోసం రాశాడన్న దాని మీద వాదాలున్నాయి, అటు వెళ్లకు. 1965 డిసెంబరు 16న జెమిని 6 నౌకలోంచి వాలీ షిరా మౌతార్గాన్ మీద, టామ్ స్టాఫర్డ్ చిరుగంటలతో అంతరిక్షంలో వాయించిన పాట ఏదని అడిగితే మన గుంటలు కళ్లింతలు చేసుకుని వింటారు. జపానులో క్రిస్మస్ రోజున కేఎఫ్‌సీ కోడి తినే అలవాటు 1974 నాటి ప్రచారంతో ఊపందుకుంది, అదీ బాగుంటుంది.

నాకు ఎక్కువ భయం మన పండగ ప్రశ్నల దగ్గరే. "ఉత్తరాయణం ఎప్పుడు మొదలవుతుంది?" అని రాసి పక్కన జనవరి 14 అని పెట్టుకుంటావు. సైన్సు బాగా చదివిన పిల్ల డిసెంబరు 21 లేదా 22 అంటుంది. ఆ పిల్లదీ సరైనదే. సూర్యుడు ఉత్తరం వైపు తిరిగేది ఆ రోజునే. మన పంచాంగం మాత్రం సూర్యుడు మకరరాశిలోకి వచ్చే రోజు నుంచి ఉత్తరాయణం అంటుంది, ఆ రాశిని నక్షత్రాలను బట్టి లెక్కగడుతుంది. భూమి అక్షం మెల్లగా తిరగడం వల్ల ఆ రెంటి మధ్య ఇప్పటికి దాదాపు 24 రోజుల ఎడం వచ్చింది. సుమారు 72 ఏళ్లకి ఒక రోజు చొప్పున ఆ ఎడం పెరుగుతోంది. పండగ తేదీ కూడా ఏడు చెప్పకుండా అడక్కు, 2024లో 15న వచ్చింది, 2025లో 14న.

అరసవల్లిలో స్వామి పాదాల మీద కిరణాలు పడేది రథసప్తమికేనని కొందరు అనుకుంటారు. పడేది మార్చిలో, అక్టోబరులో. శంబర పోలమాంబ జాతర ఏ జిల్లాలో అంటే పాత పుస్తకాల్లో విజయనగరం అనే ఉంటుంది, 2022 ఏప్రిల్ నుంచి అది పార్వతీపురం మన్యం.

సినిమాల్లో వసూళ్లు, రికార్డులు ముట్టుకోకు. పోస్టరుకో లెక్క ఉంటుంది. "సంక్రాంతికి విడుదలైన" అంటే పండగకి ముందూ వెనకా ఏ రోజైనా కావచ్చు. "సంక్రాంతి రోజునే" అన్నావంటే 2025 జనవరి 14న వచ్చిన 'సంక్రాంతికి వస్తున్నాం' సరిపోతుంది. 2020 జనవరి 12 నాటి 'అల వైకుంఠపురములో' పాటలు ఎవరు రాశారని అడిగితే చాలా పేర్లు వస్తాయి. మన సిక్కోలు యాసలో ఉన్న 'సిత్తరాల సిరపడు' ఎవరు రాశారని అడుగు, విజయ్ కుమార్ భల్లా. ఆ పాట వినిపించినప్పుడు గుంటల మొహాలు చూడు.

ఇంత చూసుకున్నా ఏ పిల్లయినా అడ్డం చెప్తే, క్విజ్ ఆపు. బడి మాస్టారొకరిని ముందే న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టుకో. ఆయన సరేనంటే మైకులోనే పిల్ల మాటే సరైనదని చెప్పి మార్కులివ్వు. సమానంగా వస్తే అంకె జవాబులుండే 3 ప్రశ్నలు కాగితం మీద రాయించు, దగ్గరగా వచ్చినవాళ్లు గెలిచినట్టు. మార్కులు ఇద్దరు విడివిడిగా కూడాలి. పెన్నూ నోటు పుస్తకం 18 మందికీ ఇవ్వు, ఖర్చు నేను పెట్టుకుంటాను.

పండగకి 10 రోజుల ముందే కాగితం నాకు పంపు. ప్రతి జవాబు పక్కనా అది ఎక్కడ చూశావో రాయి. రాయనివాటిని ఎర్ర పెన్నుతో కొట్టేస్తాను, అలిగినా సరే.

మీ పెదనాన్న