లండన్‌లో ఇస్తున్నారు, ఇక్కడ బ్యాన్ చేశారు: ఎవరి మాట నమ్మాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 34 ఏళ్లు, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్. రోజుకి పది పన్నెండు సిగరెట్లు పడతాయి. మా బావ లండన్‌లో ఉంటాడు, అక్కడ సిగరెట్ మానడానికి గవర్నమెంటే వేప్ (బ్యాటరీతో నడిచే ఈ-సిగరెట్) ఇస్తోందని చెప్పాడు. మన దగ్గరేమో చట్టం పెట్టి మరీ బ్యాన్ చేశారు. రెండు చోట్లా చెప్పేది డాక్టర్లే కదా, మరి ఎవరు కరెక్టు? నేను వేప్‌కి మారిపోనా?
– ఒక పాఠకుడు, కొండాపూర్

జవాబు: ఇద్దరూ నిజమే చెప్తున్నారండీ, కాకపోతే ఎవరిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్తున్నారు అనేదే తేడా. బ్రిటన్ వాళ్లు ఇరవై ఏళ్లుగా సిగరెట్ తాగుతున్న మనిషిని చూసి మాట్లాడతారు. పొగాకు కాలితే ఏడు వేల పైచిలుకు రసాయనాలు వస్తాయి, అందులో కనీసం 70 క్యాన్సర్ తెప్పించేవి, వేప్‌లో కాలడం లేదు కాబట్టి పొగలో ఉండే తారు (జిగట మసి), కార్బన్ మోనాక్సైడ్ దాదాపు ఉండవు, కాబట్టి సిగరెట్ పూర్తిగా మానేసి దీనికొస్తే ఆ మనిషికి లాభమే అంటారు. 2023లో ఇంగ్లండ్‌లో పది లక్షల మంది స్మోకర్లకి వేప్ కిట్లు ఇస్తామని స్కీమ్ కూడా పెట్టారు, మీ బావగారు చెప్పింది దాని గురించే అయ్యుంటుంది. కానీ అదే బ్రిటన్ 2025 జూన్‌లో వాడి పారేసే వేప్‌లని బ్యాన్ చేసింది, పిల్లలు వాటికి అంతలా అలవాటు పడ్డారు మరి.

'సిగరెట్ కంటే 95 శాతం తక్కువ హాని' అనే మాట మీరు కూడా వినే ఉంటారు. 2015లో ఇంగ్లండ్ ఆరోగ్య శాఖ సంస్థ రిపోర్టులోది అది. అది ల్యాబ్‌లో కొలిచిన లెక్క కాదు, కొంతమంది నిపుణులు కూర్చుని వేసిన అంచనా, దాని మీద అప్పుడే డాక్టర్లలో గొడవ జరిగింది. నాకైతే 2019లో వచ్చిన ట్రయల్ ఎక్కువ పనికొస్తుంది. సిగరెట్ మానాలనుకునే 886 మందిని తీసుకుని కొందరికి వేప్, కొందరికి నికోటిన్ గమ్, చర్మానికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్ లాంటివి ఇచ్చారు, ఏడాది తర్వాత చూస్తే వేప్ వాళ్లలో 18 శాతం, రెండో గుంపులో 9.9 శాతం సిగరెట్ మానేసి ఉన్నారు. వేప్ పనిచేసింది, అది ఒప్పుకోవాలి. అయితే అలా మానిన వేప్ వాళ్లలో 80 శాతం మంది ఏడాది తర్వాత కూడా వేప్ పీలుస్తూనే ఉన్నారు. సిగరెట్ పోయింది, నికోటిన్ పోలేదు.

ఇక మన దగ్గర సంగతి. 2019 మేలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) పూర్తి నిషేధం పెట్టమని రాసింది, సెప్టెంబర్‌లో ఆర్డినెన్స్, డిసెంబర్‌కి చట్టం అయిపోయింది. తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, యాడ్స్ అన్నీ నేరం. అమ్మినవాడికి మొదటిసారి ఏడాది వరకు జైలు లేదా లక్ష వరకు ఫైన్, లేదా రెండూ. నిషేధం పెట్టినవాళ్ల భయం పిల్లల గురించి, అసలు సిగరెట్ ముట్టనివాడు కూడా దీంతో మొదలుపెడతాడని. పైగా మన దేశంలో పొగ తాగేవాళ్ల కంటే నమిలేవాళ్లు రెట్టింపు (2016-17 జాతీయ సర్వేలో పెద్దవాళ్లలో పొగ 10.7 శాతం, ఖైనీ గుట్కా లాంటివి 21.4 శాతం), వాళ్లకి వేప్‌తో ఒరిగేదేం లేదు. సిగరెట్ మాత్రం ప్రతి పాన్ డబ్బాలో విడిగా ఒక్కోటి దొరుకుతుంటే దీన్నొక్కదాన్నే ఆపడం ఏం న్యాయం అని అడిగేవాళ్లున్నారు. ఆ మాటలో బలం ఉంది, నేను కాదనను. విడి సిగరెట్లు ఆపేదాకా ఈ పని సగమే అయినట్టు.

కానీ మీకు మాత్రం మారొద్దనే చెప్తాను. లండన్‌లో వేప్‌కి నికోటిన్ లిమిట్ ఉంటుంది, లోపల ఏముందో లేబుల్ మీద ఉంటుంది, పక్కన కౌన్సెలర్ ఉంటారు. ఇక్కడ మీకు దొరికేది దొంగచాటుగా వచ్చిన సరుకు, అందులో ఏం పోశారో అమ్మేవాడికే తెలీదు. అమెరికాలో 2019లో ఏమైందో చూడండి, వేప్ పీల్చి ఊపిరితిత్తులు దెబ్బతిని 2,800 మందికి పైగా ఆస్పత్రిపాలయ్యారు, 2020 ఫిబ్రవరికి 68 మంది పోయారు. మామూలు నికోటిన్ లిక్విడ్ కంటే బయట కొన్న గంజాయి నూనె క్యాట్రిడ్జిలలో కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్ అనేదే ముఖ్య కారణమని తేలింది. ఎవరు నింపారో తెలియని సరుకు అంటే నాకున్న భయం అదే. ఇంకోటి, ఆఫీసులో వేప్, బయట చాయ్‌తో సిగరెట్ అని రెండూ నడిపేవాళ్లు చాలామంది, దానివల్ల వచ్చే లాభం దాదాపు ఏం ఉండదు. మీరు గమ్, ప్యాచ్ దారిలో రండి, కింద మూడో జవాబు చదవండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ సెకండియర్. బ్యాగులో పెన్‌డ్రైవ్ లాంటిది దొరికింది, మామిడిపండు వాసన. 'ఉత్త ఆవిరే మమ్మీ, నికోటిన్ లేదు' అంటున్నాడు. వాళ్ల నాన్నకి ఇంకా చెప్పలేదు, కొడతారని భయం.
– ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అమ్మా, అది వేప్, అందులోంచి వచ్చేది ఉత్త నీటి ఆవిరి కాదు. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, ఫ్లేవర్ కలిపిన ద్రవాన్ని చిన్న కాయిల్ వేడి చేస్తుంది, చాలావాటిలో నికోటిన్ ఉంటుంది. అదీ సాల్ట్ రూపంలో (ఆమ్లం కలిపి ఘాటు తగ్గించిన నికోటిన్) ఉంటే గొంతు మండదు, దగ్గు రాదు, అందుకే మొదటిసారి పీల్చిన పిల్లాడికి కూడా హాయిగా ఉంటుంది. మొదటి సిగరెట్ తాగి దగ్గి వదిలేసిన పిల్లలు ఎంతమంది లేరు, ఆ అడ్డు దీనికి లేదు. మెదడు పాతికేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది, ఆ వయసులో నికోటిన్ పట్టు తొందరగా బిగుస్తుంది, ఏకాగ్రత మీదా దెబ్బ పడుతుంది.

మీరు వాణ్ణి ఒకే ఒక్క ప్రశ్న అడగండి, అరవకుండా: 'పొద్దున లేచాక ఎంతసేపటికి కావాలనిపిస్తుంది?' అరగంట లోపే అంటే అలవాటు ముదిరిందని, డాక్టర్ దగ్గరికి తీసుకురండి. ఎప్పుడో ఫ్రెండ్స్‌తో అంటే ఇప్పుడే ఆపడం తేలిక. వాళ్ల నాన్నకి చెప్పండి, దాస్తే వాడికి మీరు కూడా తోడు ఉన్నట్టు అవుతుంది, కాకపోతే కొట్టనని మాట తీసుకుని చెప్పండి. ఆయనకి సిగరెట్ అలవాటుంటే ఇద్దరూ కలిసి మానడం మొదలుపెట్టాలి, వేరే దారి లేదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ లిక్విడ్ అందకుండా చూడండి, కొంచెం మింగినా విషమే.

ప్రశ్న: నికోటిన్ గమ్ కూడా నికోటినే కదా, దానివల్ల క్యాన్సర్ రాదా? నేను వాడాను, నోరు మండింది, పనిచేయలేదు.
– ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: 'జనం నికోటిన్ కోసం తాగుతారు, తారు వల్ల చచ్చిపోతారు' అని 1976లోనే మైఖేల్ రసెల్ అనే బ్రిటిష్ డాక్టర్ రాశారు. నికోటిన్ అలవాటు చేస్తుంది, గుండె వేగం పెంచుతుంది, కానీ క్యాన్సర్ తెచ్చేది ప్రధానంగా ఆ పొగ.

మీకు పనిచేయకపోవడానికి కారణం బహుశా నమిలే పద్ధతి. చూయింగ్ గమ్‌లా గబగబా నమిలితే నికోటిన్ అంతా కడుపులోకి పోతుంది, ఎక్కిళ్లు, మంట తప్ప ఏం మిగలదు. నెమ్మదిగా నమలండి, కారంగా చురుక్కుమనగానే ఆపి చెంపకీ చిగురుకీ మధ్య పెట్టేయండి, ఆ చురుకు తగ్గాక మళ్లీ రెండుసార్లు నమలండి, అలా ఒక అరగంట. దానికి పావుగంట ముందు నుంచి, నోట్లో గమ్ ఉన్నంతసేపూ చాయ్, కాఫీ, కూల్‌డ్రింక్ వద్దు, అవి ఉంటే నోటి నుంచి నికోటిన్ సరిగ్గా ఎక్కదు. మన దగ్గర చాయ్‌తోనే సిగరెట్ కావాలనిపిస్తుంది, సరిగ్గా అప్పుడే గమ్ వేసుకుంటారు, అక్కడే దెబ్బతింటారు. కాబట్టి చాయ్ తాగేశాక పావుగంట ఆగి వేసుకోండి. లేచిన అరగంట లోపే సిగరెట్ వెలిగించే అలవాటైతే 2 ఎంజీ సరిపోదు, 4 ఎంజీ కావాలి, అది డాక్టర్‌ని అడిగి తీసుకోండి. ప్యాచ్‌తో కలిపి వాడితే ఇంకా బాగా పనిచేస్తుంది. మూడు నెలల పాటు మెల్లగా తగ్గిస్తూ రండి. మధ్యలో గుంజుతుంటే సిగరెట్ ప్యాకెట్ మీద ఉంటుంది కదా 1800-11-2356 నంబర్, అది ఫ్రీ, చేయండి.