సికింద్రాబాద్–గుంటూరు జనరల్ టికెట్‌తో ఏ రూట్‌లోనైనా వెళ్లొచ్చా?

గోల్కొండ ఎక్స్‌ప్రెస్, నారాయణాద్రి రెండూ గుంటూరు వెళ్తాయి కదా, ఒకే జనరల్ టికెట్‌తో ఏది ఎక్కినా ఫర్వాలేదా అని అడిగారు. ఫర్వాలేదనుకోకండి. ముందు టికెట్ మీద 'వయా' అని ఉన్నచోట చూడండి. ఆ చిన్న అక్షరాలే మీ దారిని చెబుతాయి.

నారాయణాద్రి నల్లగొండ, మిర్యాలగూడ, నడికుడి మీదుగా దాదాపు 280 కిలోమీటర్లు వెళ్తుంది. గోల్కొండ కాజీపేట, విజయవాడ చుట్టి వెళ్తుంది కాబట్టి దాదాపు 380 అవుతుంది. చార్జీ దూరాన్ని బట్టే వేస్తారు. వయాలో ఎన్‌ఎల్‌డీఏ అని ఉంటే అది నల్లగొండ దారి, తక్కువ చార్జీ టికెట్. దాంతో కాజీపేట వైపు వెళ్తే టీటీఈ తేడా వసూలు చేస్తారు, జరిమానా కూడా పడొచ్చు.

ఇంకొకటి, చాలామంది మర్చిపోయేది: నారాయణాద్రి సూపర్‌ఫాస్ట్. మామూలు ఎక్స్‌ప్రెస్ టికెట్ ఉంటే సరిపోదు, జనరల్‌కు 15 రూపాయల సూపర్‌ఫాస్ట్ చార్జీ కూడా కట్టి ఉండాలి.

కాబట్టి కౌంటర్‌లో ఊరి పేరు ఒక్కటే చెప్పకండి. "గుంటూరు, నల్లగొండ మీదుగా, సూపర్‌ఫాస్ట్" అని అడగండి, పక్కకు జరగకముందే టికెట్ చదువుకోండి. పిల్లలతో, సామానుతో రైల్లో నిలబడి వాదించాల్సిన టెన్షన్ ఎవరికీ వద్దు.

రిజర్వేషన్ టికెట్‌కు ఈ ప్రశ్నే రాదు, అందులో రాసిన రైలుకే అది చెల్లుతుంది.