మేడ మీద గదులు అద్దెకిచ్చే ముందు

నాయనా,

మేడ మీద నాలుగు గదులూ తిరుమలకొచ్చే యాత్రికులకు అద్దెకిస్తావని మీ అమ్మ చెప్పింది, సంతోషం. తిరుపతి లాడ్జీల్లో కౌంటర్ దగ్గర ఏళ్ల తరబడి కూర్చున్నవాణ్ణి, ఊరుకోలేక రాస్తున్నా.

ముందుగా ఒకటి. మధ్యాహ్నం పన్నెండుకల్లా ఖాళీ చేయాలని రూలు పెట్టొద్దు, దిగినప్పటి నుంచి 24 గంటలు ఇవ్వు. మన దగ్గరికొచ్చేవాళ్లు తెల్లవారుజామున రైలు దిగి, పిల్లల్ని భుజాన వేసుకుని వస్తారు, పైగా దర్శనం ఎప్పుడవుతుందో వాళ్ల చేతిలో ఉండదు. నేను పనిచేసిన ఒక చోట, కొండ మీద క్యూలో ఉన్న కుటుంబం సామాను గదిలోంచి తీసి మెట్ల కింద పెట్టించారు. సాయంత్రం గుండుతో, లడ్డూ కవరుతో దిగొచ్చిన ఆ పెద్దాయన ఒక్క మాటా అనలేదు, కిందికి వంగి సంచి జిప్పు మూసుందో లేదో చేత్తో తడిమి చూసుకున్నాడు. తాళం తీసిచ్చింది నేనే. ఆ బాధ నాకింకా పోలేదు.

బస్టాండు ఎదురుగా శ్రీనివాసం, రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణు నివాసం అని దేవస్థానం వసతి గృహాలు ఉన్నాయి కదా, దేవస్థానం అద్దెతో నువ్వు పోటీ పడలేవు, పడక్కర్లేదు కూడా. అక్కడ గది దొరకనివాళ్లే నీ దగ్గరికొస్తారు. వాళ్లకు కావలసింది ఏ వేళకైనా వేడినీళ్లు, డాబా మీద తడిబట్టలు ఆరేసుకోను గట్టి దండెం. గుండు చేయించుకున్నవాళ్లు తలకు చందనం పూసుకుంటారు, తెల్ల గలీబు మీద ఆ పసుపు మరక ఎన్ని ఉతుకులకూ పోదు, అందుకని ముదురు రంగువి కొను, మరకకు మాత్రం డబ్బులడగొద్దు.

ఆటోవాళ్లకు కమిషన్ ఇవ్వొద్దు, చివరికి అది యాత్రికుడి నెత్తినే పడుతుంది. గరుడసేవ నాడైనా, వైకుంఠ ఏకాదశికైనా రేటు గోడ మీద రాసిందే ఉండాలి.

లైసెన్సు పని ముందే చూసుకో. ప్రతి ఒక్కరి ఆధార్ చూసి రిజిస్టర్‌లో రాయి, తెలిసినవాళ్లయినా సరే. విదేశీయులు దిగితే 24 గంటల్లోపు వాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో పంపాలి, ఇది మరిచిపోతే కేసవుతుంది.

గీజర్లు బిగించాక ఫోన్ చెయ్యి, వచ్చి ఒక రాత్రి ఆ గదిలోనే పడుకుని చూస్తా.

మీ పెదనాయన